ఊరంతా సైగలతో మాట్లాడిన దీవి

చెవిటి పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది అంతకుముందు ఏ బధిరుడితోనూ మాట్లాడి ఉండరు. బిడ్డకు వినబడటం లేదని గుర్తించేసరికే నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. తర్వాత ఆస్పత్రులు, పరీక్షలు, వినికిడి యంత్రాలు. ఈ తిరుగుళ్ల మధ్య, ఏ పిల్లకైనా భాష సులువుగా అబ్బే తొలి అయిదారేళ్లు జారిపోతాయి. చెవుడు కంటే ఆ జాప్యం చేసే నష్టమే పెద్దదని భాషా శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు.

మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో రెండు శతాబ్దాలకు పైగా ఈ జాప్యానికి తావు లేకపోయింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేప్ కాడ్‌కు దక్షిణాన ఉన్న ఈ దీవి ఇప్పుడు సంపన్నుల వేసవి విడిది. అప్పట్లో చేపలవేట, గొర్రెల పెంపకం, కొద్దిపాటి వ్యవసాయంతో బతికే పల్లెల గుంపు. దాని పడమటి కొసన చిల్‌మార్క్ అనే ఊరుంది. అక్కడ చెవిటి బిడ్డ పుడితే తల్లికి సైగ భాష ముందే వచ్చి ఉండేది. తండ్రికీ, అమ్మమ్మకీ, పక్కింటివాళ్లకీ వచ్చేది. ఆ బిడ్డ కోసమని ఎవరూ కొత్తగా నేర్చుకోలేదు. వాళ్లూ చిన్నప్పుడు పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నదే.

19వ శతాబ్దంలో అమెరికా మొత్తం మీద సుమారు 5,700 మందిలో ఒకరు పుట్టు బధిరులు. ఈ దీవిలో 155 మందికి ఒకరు. చిల్‌మార్క్‌లో 25 మందికి ఒకరు. చిల్‌మార్క్‌లోనే ఉన్న స్క్విబ్‌నాకెట్ అనే పేటలో ఒక దశలో నలుగురికి ఒకరు. ఈ అంకెలను వెలికితీసింది మానవశాస్త్రజ్ఞురాలు నోరా ఎలెన్ గ్రోస్. 1970ల చివర్లో దీవిలోని వృద్ధులను కలిసి, పాత దస్త్రాలు తిరగేసి ఆమె రాసిన 'ఎవ్రీవన్ హియర్ స్పోక్ సైన్ లాంగ్వేజ్' 1985లో వచ్చింది. ఈ దీవి గురించి ఇప్పటికీ ఎవరు మాట్లాడినా ఆ పుస్తకం దగ్గరే మొదలుపెట్టాలి.

దీవిలో తొలి బధిరుడిగా నమోదైన వ్యక్తి జోనథన్ లాంబర్ట్. వడ్రంగి, రైతు. 1690ల్లో కేప్ కాడ్ నుంచి కుటుంబంతో వచ్చి స్థిరపడ్డాడు. ఆయన ఏడుగురు పిల్లల్లో ఇద్దరు బధిరులు. 1714లో ఇక్కడికి వచ్చిన బోస్టన్ న్యాయమూర్తి శామ్యూల్ స్యూవల్ తన దినచర్యలో ఒక సంగతి రాసుకున్నాడు. ఎదురుపడిన ఒక ఇంగ్లీషువాడు పలకరించనైనా లేదని ఆయనకు కాస్త కోపం వచ్చిందట, ఆ మనిషికి వినబడదని తర్వాత తెలిసిందట. బయటివాడికి అది మర్యాదలేనితనంగా తోచింది. దీవివాళ్లకు అదొక విషయమే కాదు.

చెవుడు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు జన్యువులో ఉంది. వలస కుటుంబాల్లో చాలావాటి మూలాలు ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, వీల్డ్ అనే చోట ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చిన ఒక అంతర్గత జన్యులక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి అందితేనే చెవుడుగా బయటపడుతుంది. ఒకరి నుంచే అందితే లోపల దాగి తర్వాతి తరానికి వెళుతుంది. దీవిలో కొత్తవాళ్లు తక్కువ, సంబంధాలు ఆ కొద్ది కుటుంబాల మధ్యే. మన దగ్గర మేనరికాల వల్ల వచ్చే చిక్కు లాంటిదే, కాకపోతే అక్కడివాళ్లకు దూరపు చుట్టరికాలు చాలావరకు గుర్తుండేవి కావు. అందుకే చెవుడు ఏ ఇంట్లోనైనా కనిపించేది. ఒకే వంశానికో కులానికో అంటగట్టే వీలు లేకపోవడం వల్లే అది ఎవరికీ మచ్చ కాలేదని నాకనిపిస్తుంది.

టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1880లలో ఈ దీవి వంశవృక్షాలను తవ్వాడు. వినికిడి ఉన్న దంపతులకు చెవిటి పిల్లలు, చెవిటివాళ్లకు వినికిడి ఉన్న పిల్లలు ఎలా పుడుతున్నారో ఆయనకు అంతుచిక్కలేదు. జవాబు చెప్పగల మెండెల్ వ్యాసం 1866లోనే అచ్చయినా, 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు. అయినా బెల్ ఆగలేదు. బధిరులు బధిరులనే పెళ్లాడితే మానవజాతిలో ఒక చెవిటి తెగ తయారవుతుందని 1883లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ముందు హెచ్చరించాడు. ఆయన తల్లీ భార్యా ఇద్దరూ బధిరులే.

ఇక రోజువారీ బతుకు. పడవల్లో దూరదూరంగా ఉన్న జాలరులు గాలి హోరులో అరవడం మాని చేతులతో మాట్లాడుకునేవారు. పొలాలకు అటూ ఇటూ ఉన్నవాళ్లు దుర్భిణి పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవారు. బళ్లో వినికిడి ఉన్న పిల్లలే టీచరు చూడకుండా సైగలతో గుసగుసలాడుకునేవారు, చర్చిలో ప్రసంగం సాగుతుంటే పెద్దవాళ్లూ అదే పని చేసేవారు. బధిరులెవరూ దగ్గర లేకపోయినా ఇదంతా జరిగేదని గమనించాలి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనకో సామెత ఉంది. చిల్‌మార్క్‌లో శంఖం ఊదేవాడికి చేతులతో చెప్పడమూ వచ్చు.

బధిరులు ఆస్తులు కొన్నారు, అమ్మారు, ఊరి సభల్లో ఓటు వేశారు, వినికిడి ఉన్నవారిని పెళ్లాడారు. ఫలానా ఇద్దరి గురించి చెప్పమని గ్రోస్ ఒక వృద్ధురాలిని అడిగితే వాళ్లు మంచి జాలరులని ఆమెకు ముందు గుర్తొచ్చింది. చెవిటివాళ్లు కదా అని గుచ్చి అడిగాకే ఆ సంగతి గుర్తు తెచ్చుకుంది.

1817లో కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో అమెరికా మొదటి శాశ్వత బధిర పాఠశాల తెరుచుకుంది. పారిస్ నుంచి వచ్చిన బధిర ఉపాధ్యాయుడు లారాన్ క్లెర్క్ అక్కడ సైగలతోనే పాఠం చెప్పేవాడు. మసాచుసెట్స్ ప్రభుత్వ ఖర్చుతో విన్‌యార్డ్ పిల్లలు అక్కడికి వెళ్లారు. దీవిలో మిగతా పిల్లల చదువు అంతంతమాత్రం కావడంతో చదువులో తిరగబాటు జరిగింది. కొందరు ఇరుగుపొరుగువారు అర్థంకాని కాగితాలు పట్టుకుని, చదివి చెప్పమని చెవిటివాళ్ల గుమ్మం తొక్కేవారు. హార్ట్‌ఫర్డ్‌లో దీవి సైగలు, ఫ్రెంచి సైగలు, ఇతర ఊళ్ల నుంచి వచ్చిన సైగలు కలిసి ఇప్పటి అమెరికన్ సైగ భాషకు పునాది పడిందని పరిశోధకుల అభిప్రాయం.

అయితే దీవి భాషకు ముగింపు కూడా ఆ బడితోనే మొదలైంది. అక్కడికి వెళ్లిన యువతీయువకులు బయటి ప్రాంతాల బధిరులను పెళ్లాడి అక్కడే ఉండిపోయారు. ఆ దంపతుల్లో ఒక్కొక్కరి చెవుడుకు ఒక్కో కారణం, దాంతో పాత లక్షణం జతకలవడం తగ్గింది. దీవికీ కొత్త కుటుంబాలు వచ్చాయి. చెవిటి పిల్లలు పుట్టడం తగ్గిన కొద్దీ సైగలు నేర్చుకునే అవసరమూ తగ్గింది. వంశపారంపర్య చెవుడున్న ఆఖరి దీవివాసి 1952లో మరణించారు. గ్రోస్ వెళ్లేనాటికి మిగిలింది వినికిడి ఉన్న వృద్ధుల జ్ఞాపకంలోని సైగలు మాత్రమే.

ఈ కథను స్వర్గంలా చెప్పుకోవడంపై బధిర మానవశాస్త్రజ్ఞురాలు అన్నెలీస్ కుస్టర్స్ 2010లో అభ్యంతరాలు లేవనెత్తారు. ముంబయిలో బధిరులు దుకాణదారులతో బేరాలెలా ఆడుకుంటారో పరిశోధించింది కూడా ఆవిడే. విన్‌యార్డ్ చరిత్ర చాలావరకు వినికిడి ఉన్నవారి జ్ఞాపకాల మీద ఆధారపడింది. అక్కడ చెవిటి పిల్లగా పెరగడం ఎలా ఉండేదో చెప్పవలసినవాళ్లు అప్పటికే పోయారు.

అడగడానికి మనుషులున్న చోటు ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లే దారిలో వచ్చే గౌరీబిదనూరు తాలూకాలో అలీపూర్ అనే ఊరుంది. ఎక్కువమంది షియా ముస్లింలు, సంబంధాలు ఎక్కువగా ఊళ్లోనే. నూరు మందికి పైగా బధిరులు ఉన్న ఈ ఊరికి సొంత సైగ భాష ఉంది, వినికిడి ఉన్నవాళ్లలోనూ ఎందరికో అది వచ్చు. బధిర భాషాశాస్త్రజ్ఞుడు సిబాజీ పండా దాన్ని నమోదు చేసి 2012లో ప్రచురించారు. బయట చదువుకుని వచ్చిన యువత భారత సైగ భాషను వెంట తెస్తున్నారు. బధిరులకు బయటి లోకంలో పనికొచ్చేది అదే. ఊరి సైగలు మెల్లగా పెద్దవాళ్ల చేతుల్లోనే మిగిలిపోతున్నాయి.