దివిసీమలో దేశాన్ని చూశాను

ఇలా మంట దగ్గరికి జరగండర్రా. ఫిల్మ్ నగర్ గుట్ట మీద చలి ముదిరింది. దైవసన్నిధానంలో కార్తీక దీపాలు పెట్టొచ్చారుగా, ఈ నెలలో మీరు వినాల్సిన ముచ్చట ఒకటుంది.

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్లి వారం దాటింది. నాకు పదేళ్లు. దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డు పల్లె మాది. చేలో వరి కోతకొచ్చింది. గాలీ వానా విడవకుండా కొడుతుంటే పిల్లలం ఇంట్లో చేరి, ఆ ఏడే వచ్చిన ‘అడవి రాముడు’ కథ చెప్పుకుంటున్నాం. ఉన్నట్టుండి సముద్రం లేచి ఊరి మీద పడింది. నాయన నన్ను తుమ్మచెట్టెక్కించి, పైపంచెతో కొమ్మకు కట్టేశాడు. ముళ్లు దిగి ఒళ్లంతా చీరుకుపోయింది. రాత్రంతా ఆయన హంసలదీవి వేణుగోపాలుణ్ణి పిలుస్తూనే ఉన్నాడు. తెల్లారి చూస్తే అమ్మ లేదు, చెల్లి లేదు.

ఆ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారర్రా. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చెరువుల్లో ఉప్పునీళ్లు నిండి, తాగడానికి గుక్కెడు నీళ్లు దొరకలేదు.

అప్పుడొచ్చారు మిలటరీ వాళ్లు. ఒక జవాను తన సీసాలోని నీళ్లు నాకు పట్టి, మోకాళ్ల మీద కూర్చుని నా కాలి ముళ్లు ఒక్కొక్కటే తీశాడు. ఏ ఊరివాడో, మాట తెలియదు. మా వాళ్లను సామూహికంగా దహనం చేస్తుంటే టోపీ తీసి, కళ్లు మూసుకుని ఏదో జపించాడు. పక్కనే నాయన ‘గోవిందా’ అన్నాడు. దేశమంటే బడిలో గోడ మీద పటమనుకునేవాణ్ణి. ఆ రోజు దాన్ని కళ్లారా చూశాను.

ఆ తర్వాత రామకృష్ణ మిషన్ వాళ్లొచ్చారు, చర్చిల వాళ్లొచ్చారు, మదర్ థెరిసా వచ్చింది. మా ప్రాంత నాయకుడు మండలి వెంకట కృష్ణారావుగారు మా మధ్యే తిరిగారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా విరాళాలు అడిగారు. తెర మీద దేవుడిలా చూసిన ఎన్టీఆర్ మా కోసం చెయ్యి చాచాడని విని నాయన ఏడ్చేశాడు. సినిమా వాళ్ల మీద నాకు గౌరవం పుట్టింది అప్పుడే. పెద్దయ్యాక ఈ స్టూడియోల్లో లైట్ల పనికి వచ్చాను. వాన సీను తీసే రోజున, పంకాలు తిరగ్గానే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసినప్పుడు, పరిశ్రమంతా ‘మేము సైతం’ అని కదిలింది. నేనూ నా కూలి డబ్బులు ఇచ్చాను. రేపు ఎక్కడ ఆపదొచ్చినా, మన ఊరా, మన భాషా అని అడక్కండి. దేవుడికి దణ్ణం పెట్టుకుని, చేతనైంది పట్టుకుని బయల్దేరండి. నన్ను బతికించిన వాళ్లు అలాగే వచ్చారు.