జిల్లా బోర్డులు – పరీక్షల గ్రాంటు

చెన్నపురి రాజధానిలో 1871 నాటి లోకల్ ఫండు చట్టమువలన రోడ్లతోడను ఆసుపత్రులతోడను బడులను గూడ నిర్వహించు భారము స్థానిక మండలులపై బడగా, 1884 నాటి చట్టముచే నవి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులుగా రూపొందెను. అధ్యక్షపీఠమున కలెక్టరే యుండుటచే తొలినాళ్ల సభలలో సభ్యుల వాదముకంటె దొరవారి యభిప్రాయమే చెల్లుచుండెనని వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఆ కాలమున విద్యార్థుల ప్రగతిని గొలుచుటకు విచిత్రమగు పద్ధతి యొకటి యుండెను. తనిఖీకి విచ్చేసిన యధికారి పిల్లలను వరుసగా నిలువబెట్టి, వాచకము చదివించి, చెప్పినది వ్రాయించి, పలకపై లెక్క చేయించి, ఏ బాలుడు దేనియందు కృతార్థుడయ్యెనో దాని ననుసరించి గ్రాంటు లెక్కగట్టుచుండెను. అనగా, తనిఖీనాడు చుఱుకైన పిల్లవాడు జ్వరపడినచో పంతులుగారి రాబడికే గండి పడెనన్నమాట! బట్టీయమునకు ఇంతకంటె బలమైన ప్రోత్సాహము మఱొకటి యుండబోదు. 1904లో కర్జను ప్రభువు నాటి విద్యా తీర్మానము ఈ పద్ధతిని నిరసించెను.

1920 నాటి ప్రాథమిక విద్యా చట్టముచే జిల్లా విద్యా మండలులు వెలసెను. 1959 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున జిల్లా పరిషత్తు లేర్పడగా, బోర్డు హైస్కూళ్లు వాటి పాలనలోనికి వచ్చెను.