పాత అంబాసిడర్‌కు పికప్ పెంచాలా? రెండో కార్బురేటర్ పెట్టించే ముందు ఇవి తెలుసుకోండి

మీ దగ్గర పాత పెట్రోల్ అంబాసిడర్ ఉందా? ఘాట్ ఎక్కేటప్పుడు ఊపు చాలట్లేదని రెండు కార్బురేటర్లు పెట్టిద్దాం అనుకుంటున్నారా? ఐడియా మంచిదే. కానీ సెట్టింగ్ తేడా వస్తే వాల్వులు, పిస్టన్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

అసలు ఎలా పనిచేస్తుంది?

పాత అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజిన్. 1955లో బ్రిటన్‌లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబం ఇంజిన్, అదే సీసీ. అంబాసిడర్‌కు ఒకటే కార్బురేటర్ అయితే, ఎంజీఏకు రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. ఈ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లే దారులు రెండే. దారికో కార్బురేటర్ ఉంటే గాలి ఫ్రీగా అందుతుంది. అలాగని అంబాసిడర్ స్పోర్ట్స్ కారు అయిపోదు. పవర్‌లో కంప్రెషన్, సైలెన్సర్ లైన్ పాత్ర కూడా ఉంటుంది.

ముందు ఇవి చెక్ చేయించండి

* ట్యాపెట్లు, ఇగ్నిషన్ టైమింగ్.
* మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకేజీ.
* పాత కార్బురేటర్‌లో థ్రాటిల్ స్పిండిల్ లూజు. చాలాసార్లు అసలు సమస్య ఇక్కడే ఉంటుంది. ఇది సరిచేస్తే కొత్త ఖర్చే అక్కర్లేకపోవచ్చు.

నీడిల్‌తో జాగ్రత్త

ఎస్‌యూలో పెట్రోల్ ఎంత వెళ్లాలో సన్నటి నీడిల్ నిర్ణయిస్తుంది. వేరే ఇంజిన్ నీడిల్ వేస్తే లెక్క తప్పుతుంది. పెట్రోల్ తగ్గితే ఇంజిన్ వేడెక్కుతుంది, లోడ్‌లో టకటక శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని లైట్ తీసుకోవద్దు.

చిన్న టెస్ట్

ఇంజిన్ వేడయ్యాక, ఐడిల్‌లో కార్బురేటర్ పిస్టన్‌ను అర మిల్లీమీటరుకు కాస్త పైన ఎత్తి చూడాలి. స్పీడ్ పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కొద్దిగా పెరిగి మామూలు స్థితికి వస్తే సరిగ్గా ఉన్నట్టే. రెండు కార్బురేటర్లు ఉంటే ముందు రెండింటి గాలి సమానంగా సెట్ చేయాలి.

సౌండ్ బాగుంటుందని ఎయిర్ ఫిల్టర్ తీసేయొద్దు. దుమ్ము నేరుగా సిలిండర్లలోకి వెళ్లి ఇంజిన్ అరిగిపోతుంది.

పాత సామాను పారేయకండి

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే వర్తిస్తాయి. అందుకే పాత కార్బురేటర్, మానిఫోల్డ్ మూటగట్టి దాచండి. కావాలంటే మళ్లీ బిగించుకోవచ్చు.