ఆరు చెప్పిన రెండు సాక్ష్యములు

కాణిపాక వినాయకుని యెదుట ప్రమాణము చేసి కల్లలాడరాదని చిత్తూరు సీమలో తరతరాల నమ్మకము. ఒకే సంగతిని ఇద్దరు రెండు విధములుగా చెప్పినచో, ఒకరి మాట అసత్యమై తీరవలెనని మనము తలంతుము. సంఖ్యాశాస్త్రమున మాత్రము రెండును నిజములైన సందర్భ మొకటి గలదు.

ఆరును విడదీయుమనిన బడిపిల్లవాడు రెండు, మూడు అనును. వేరు ప్రధాన సంఖ్యలు రావు. పూర్ణాంకము లన్నిటికిని ఇదియే నియమము. ఇపుడు దేని వర్గము ఋణ 5 అగునో ఆ సంఖ్యను ‘క’ అందము. 1+క, 1−క అను రెంటిని గుణించిన వచ్చునది 1+5, అనగా మరల ఆరే! క చేరిన ఈ లోకమున 2, 3, 1+క, 1−క అను నాలుగును ఇంక విడివడవు. మొదటి గుణకము ఒకటియు, తక్కినవి పూర్ణాంకములును అగు సమీకరణముల మూలములు గనుక వీనిని బీజీయ పూర్ణాంకము లందురు.

ఈ చిక్కు గొప్పవారినే తడబరచినది. 1847 మార్చి 1న లామే పండితుడు పారిస్ అకాడమీలో ఫెర్మా సిద్ధాంతమును సాధించితినని ప్రకటించెను. విభజన ఒక్కటే యని ఎట్లు నమ్మితివని లియువిల్ ఆ సభలోనే సందేహము వెలిబుచ్చెను. జర్మనీలో కుమ్మర్ అంతకు మూడేండ్ల ముందే ఆ నమ్మకము చెల్లదని చూపియుండెను! ఈ చరిత్రలో మాకు మిక్కిలి ఆసక్తి గొలుపు ఘట్ట మిదియే.

కుమ్మర్, ఆ తరువాత 1871లో డెడెకిండ్ ఈ లోపమును సరిదిద్దు మార్గము కనుగొనిరి. విభజన ఎంత చెడినదో తెలుపు కొలతకు తరగతి సంఖ్య యని పేరు. అది ఒకటైనచో చిక్కు లేదు. మన క లోకమున అది రెండు. ఋణ సంఖ్యల వర్గమూలములతో కట్టిన లోకములలో తరగతి సంఖ్య ఒకటిగా గలవి కొన్నియే యని గౌస్ 1801లో ఊహించెను. 1934లో హైల్‌బ్రాన్ అవి పరిమితములే యని నిరూపించెను.

ఆ ఏడే ఈ ఫలితమును మరియొక మెట్టు పైకి గొనిపోయినవాడు వాల్తేరులో నుండెను. ఆతడు ఆంధ్ర విశ్వవిద్యాలయ గణితాచార్యుడు సర్వదమన్ చావ్లా. అప్పటి వైస్ చాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన జన్మస్థలమగు తిరుత్తణి 1960 వరకు కాణిపాకమున్న చిత్తూరు జిల్లాలోనిదే. పెద్ద సంఖ్యలు ప్రధానములగునో కావో పరీక్షించుటకు ఆయిలర్ 65 అనుకూల సంఖ్యలను ఏర్చియుండెను. వానిలో చివరిది 1848. అట్టి సంఖ్యలు అనంతములు కావని చావ్లా ఫలితము వలన తేలినది.

చావ్లా 1936లో లాహోరునకును, దేశ విభజన పిమ్మట అమెరికాకును తరలెను. గౌస్ లోకములు తొమ్మిదియే యని బేకర్, స్టార్క్ 1966–67లలో స్థిరపరచిరి. ఆయిలర్ పట్టికకు అరువదియారవ సంఖ్య యున్నదా అను ప్రశ్న మాత్రము నేటికిని పూర్తిగా తీరలేదు.