ఏఎంఐఈ మేష్టర్లు

ఇంజినీర్ల సంఘం చరిత్ర ఎవరు రాసినా మొదలు ఒకేలా ఉంటుంది. 1920 సెప్టెంబరు 13న మద్రాసులో కంపెనీల చట్టం కింద ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ రిజిస్టరైంది. 1921 ఫిబ్రవరి 23న కలకత్తాలో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ దాన్ని ప్రారంభించాడు. 1935 సెప్టెంబరు 9న అయిదో జార్జి రాయల్ చార్టర్ ఇచ్చాడు. ఆ తర్వాత అధ్యక్షుల ఫొటోలు, వరసగా. సావనీర్లలో ఇదంతా ఏటా అచ్చవుతూనే ఉంటుంది, తప్పేమీ లేదు. నాలాంటి డిప్లొమావాడికి మాత్రం ఆ సంఘం పుట్టింది 1928లో, ఏఎంఐఈ పరీక్షలు మొదలైనప్పుడు.

ఈ తరం పిల్లలకు ఆ నాలుగక్షరాలు తెలియకపోవచ్చు. అది కాలేజీ చదువు కాదు, సంఘంలో అసోసియేట్ మెంబరు కావడానికి రాసే పరీక్ష. సెక్షన్ ఎ, సెక్షన్ బి అని రెండు భాగాలు. ఏడాదికి రెండుసార్లు పెట్టేవాళ్ళు. రెండూ గట్టెక్కితే సర్కారు దాన్ని బి.ఇ.తో సమానంగా చూసేది. హాజరు పట్టీ లేదు, హాస్టలు లేదు, ఉద్యోగం మానక్కర్లేదు. చదువుకోవడం మాత్రం మన తిప్పలు మనం పడాలి.

అసలు అలాంటి పరీక్ష ఎందుకు కావలసివచ్చిందో తెలియాలంటే అప్పటి కాలేజీల సంగతి చూడాలి. ఉస్మానియాలో ఇంజినీరింగు కాలేజీ 1929లో వచ్చింది. సర్కారు జిల్లాలకు ఆ భాగ్యం 1946 దాకా లేదు. విశాఖపట్నంలో మొదలుపెట్టి, తర్వాత కాకినాడకు మార్చారు. కాటన్ దొర ఆనకట్ట కట్టి తొంభై ఏళ్ళు దాటినా, ఆ కాలువల పక్కన పుట్టిన కుర్రాడు ఇంజినీరు కావాలంటే మద్రాసులో గిండీకి పోవలసిందే. పోలేనివాడు ఓవర్సీరుగా చేరి, గొలుసు లాగించి, మట్టి కొలతలు రాసి, అలాగే రిటైరయ్యేవాడు.

సంఘానికి తొలి అధ్యక్షుడు సర్ థామస్ హాలండ్, భూగర్భ శాస్త్రవేత్త. ఆయన ఆధ్వర్యంలోని పారిశ్రామిక కమిషన్ చర్చల్లోంచే ఈ ఆలోచన వచ్చింది. తొలినాళ్ళ అధ్యక్షుల్లో రాజేంద్రనాథ్ ముఖర్జీ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కలకత్తా విక్టోరియా మెమోరియల్ కట్టిన కంపెనీ ఆయనదే. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంజినీరింగులో చేరి, ఆరోగ్యం బాగాలేక డిగ్రీ పూర్తి చేయకుండానే బయటికొచ్చాడాయన. డిగ్రీ లేనివాడు అధ్యక్షుడైన సంఘం, డిగ్రీ లేనివాళ్ళ కోసం పరీక్ష పెట్టిందన్నమాట. సావనీర్ల వాళ్ళు ఈ రెండు ముక్కలూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టరు.

నేను కాకినాడ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి 1966లో నాగార్జునసాగర్‌లో సూపర్‌వైజరుగా చేరాను. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము అప్పటికి ఆకాశంలోకి లేచింది. రాతి కట్టడం. పాలమూరు కూలీలు బొంగు కర్రల సారవల మీద రాళ్ళు మోసుకుంటూ ఎక్కుతుంటే కింద నిలబడి లెక్క రాసేవాణ్ణి. నా వయసే ఉన్న బి.ఇ. కుర్రాడు జూనియర్ ఇంజినీరు, నేను సూపర్‌వైజరు. ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాత నాది, దానిమీద చెక్ మెజర్‌మెంటు సంతకం అతనిది. మంచివాడే పాపం. కానీ భోజనాల దగ్గర కూడా మేం వేరు బల్ల.

హిల్ కాలనీలో సాయంత్రాలు ఒక బడి గది తెరిచి ఉండేది. డిజైన్లు చూసే ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగారు, ఇద్దరు అసిస్టెంట్ ఇంజినీర్లు వంతులవారీగా వచ్చి మాకు ఏఎంఐఈ పాఠాలు చెప్పేవారు. ముగ్గురూ సంఘం సభ్యులు. ఎవరూ వాళ్ళకు ఆ పని అప్పగించలేదు, పైసా ముట్టలేదు. ఇ.ఇ.గారు సైటు నుంచి నేరుగా, బూట్లకు సున్నం అంటుకునే ఉండగా వచ్చి, బెండింగ్ మూమెంటు డయాగ్రాములు చేత్తో గీసేవారు, స్కేలు లేకుండా. ఆయన గీతకి, స్లైడ్ రూల్ మీద మేం తీసిన జవాబుకి తేడా వస్తే మా లెక్కే ఇంకోసారి చూసుకోమనేవారు. చాలాసార్లు ఆయన గీతే రైటు.

ఒక సంక్రాంతికి మేమంతా చందాలేసుకుని ఆయనకు కొంత డబ్బు ఇవ్వబోయాం.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు.

"గురుదక్షిణ సార్."

"దీంతో ఒక తిమోషెంకో కొనుక్కుని అందరూ పంచుకోండి. ఇది నేను పుచ్చుకుంటే రేపట్నించి ట్యూషన్ మేష్టర్నవుతాను. మీరు ఆలస్యంగా వస్తే తిట్టడానికి నాకు నోరుండదు."

తిట్లు మాత్రం మానలేదు. తిమోషెంకో పుస్తకం కొన్నాం. అది చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయింది. చివరికి ఎవరి పెట్టెలో మిగిలిందో తెలియదు.

పాఠం చెప్పడం పైకి కనిపించే పని. కనిపించనివి ఇంకా చాలా ఉండేవి. సంఘంలో చేరాలంటే దరఖాస్తు మీద ఇప్పటికే సభ్యులైన పెద్దలు ప్రతిపాదించి, బలపరచి సంతకాలు పెట్టాలి. కాలువ గట్టు మీద లస్కర్లతో బతికే సూపర్‌వైజరుకు అంత పెద్దవాళ్ళు ఎవరు తెలుస్తారు? గౌరవ కార్యదర్శి అనే పదవిలో ఉన్నవాళ్ళు ఆ ఫారాలు పట్టుకుని ఆఫీసులు తిరిగి సంతకాలు పెట్టించేవారు. పరీక్ష హాలు మాట్లాడటం, ఇన్విజిలేషన్ చేయడం, కలకత్తా గోఖలే రోడ్డులోని హెడ్డాఫీసుకు ఉత్తరాలు రాయడం కూడా వాళ్ళ పనే. పదవి పేరులో గౌరవం ఉంది కాబట్టి జీతం ఉండదు. పోస్టేజీ ఖర్చు చాలామందికి సొంత జేబులోంచే. చార్టరు లండన్ నుంచి రావచ్చుగాని, సంఘాన్ని నడిపింది ఈ సంతకాల తిరుగుళ్ళే.

ఇలాంటి జీతంలేని పనికి దేశం మొత్తం మీద పెద్ద ఫలితం ఒకటుంది. స్వతంత్రం రాకముందే, మన దేశానికి సొంతంగా ప్రమాణాలు రాసే సంస్థ ఉండాలని దాని నిబంధనావళి మొదటి ముసాయిదా తయారుచేసింది ఇంజినీర్ల సంఘమే. 1947 జనవరి 6న ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పడింది. 1953లో అది ఐఎస్ 456 అనే కాంక్రీటు కోడ్ తెచ్చింది. ఇవాళ మీ ఇంటి స్లాబులో ఊచ ఎంత మందం, ఎంత దూరం అనేది ఆ పుస్తకం చెప్పినట్టే. దాన్ని రాసే కమిటీల్లో కాలేజీ ప్రొఫెసర్లు, శాఖల ఇంజినీర్లు, సిమెంటు కంపెనీలవాళ్ళు కూర్చుంటారు. రాసినందుకు రాయల్టీ లేదు, అట్ట మీద పేరు ఉండదు.

1968 నుంచి సెప్టెంబరు 15 ఇంజినీర్స్ డే అయింది, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజున. హైదరాబాదు వాళ్ళకు ఆయన పరాయివాడు కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తాక నిజాం పిలిపించుకున్నాడు. ఆయన నది ఒడ్డున గోడ కట్టండని చెప్పి ఊరుకోలేదు. పైన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని లెక్క తీయించాడు, ఆ లెక్క మీదే జలాశయాలు కట్టమని నివేదిక ఇచ్చాడు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. ఖైరతాబాద్ చౌరస్తాలో ఆయన విగ్రహానికి దండ వేసే రోజున ఆ 788 చెరువుల్లో ఇప్పుడెన్ని మిగిలాయో లెక్క తీయిద్దామని ఎవరూ అనరు. శాలువాలు కప్పడంతోనే సరిపోతుంది. నాకూ రెండు కప్పారు. కాదనను, చలికాలంలో పనికొస్తున్నాయి.

ఏఎంఐఈ కథ కేంద్ర విద్యాశాఖ నిర్ణయంతో మారిపోయింది. 2013 మే 31 తర్వాత చేరినవాళ్ళకు పాత గుర్తింపు వర్తించదన్నారు. సక్రమంగా క్లాసులు, లేబొరేటరీలు లేకుండా ఇంజినీర్లను తయారుచేయకూడదన్నది వాదన. అందులో నిజం లేకపోలేదు. మాలో ప్రయోగశాల మొహం చూడనివాళ్ళు ఉన్నారు. కానీ మాకు లేబొరేటరీ ఎదురుగా ఉండేది, దాన్ని డ్యాము అనేవాళ్ళం. లేబొరేటరీ ఉన్న కాలేజీలన్నిట్లో కుర్రాళ్ళు క్యూబ్ టెస్టు చేతులారా చేస్తున్నారా అంటే, ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు.

పరీక్ష రాసేవాళ్ళు తగ్గాక వాలంటీర్ల పని రూపు మారింది. ఇంజినీరింగు కాలేజీల్లో స్టూడెంట్ చాప్టర్లు నడపడం, సెమినార్లు, సైటు చూపించడం. మంచిదే. పోయిన ఏడాది ఒక చాప్టరువాళ్ళు పిలిస్తే వెళ్ళి, పాత రాతి డ్యాముల్లో ఊట నీళ్ళు ఎలా కొలుస్తారో చెప్పాను. అయ్యాక ఒకమ్మాయి వచ్చి, తను వాలంటీరుగా కుర్చీలు సర్దినందుకు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టమంది. ఎన్ని గంటలు పనిచేసిందో అందులో రాసి ఉంది. పెట్టాను. పెడుతూ, డ్రైనేజి గ్యాలరీలో వి-నాచ్ ఎందుకు పెడతారో చెప్పమన్నాను. ఊట ఎంత వస్తోందో కొలవడానికని చెప్పి, ఆగి, "ఊట పెరిగితే ఫర్వాలేదా తాతగారూ, మురికిగా వస్తేనే భయపడాలా?" అని అడిగింది. రెంటికీ భయపడాలమ్మా అన్నాను, మురికిగా వస్తే ఆ రాత్రే ఫోను చేయాలని కూడా చెప్పాను. కాలేజీ బస్సు హారను కొడుతున్నా ఆ అమ్మాయి అక్కడే నిలబడి ఎవరికి చేయాలని అడిగింది.