వేసవిలో పొయ్యికీ సెలవే: ఆముక్తమాల్యద నుంచి అమ్మమ్మ చద్ది కుండ దాకా

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట, బయట 43 డిగ్రీలు. ఫ్యాన్ కింద పడుకుని ఫోన్‌లో ఓ బిర్యానీ ఆర్డర్ పెట్టాం అనుకుందాం. ఆ బిర్యానీ కోసం ఒకరు మంట ముందు నిలబడాలి. ఇంకొకరు హెల్మెట్ పెట్టుకుని ఎండలో బండి నడపాలి. అది తిన్నాక మనకేమో సాయంత్రం దాకా ఒకటే ఆయాసం. మరి ఫ్యాన్, ఫ్రిజ్ లేని రోజుల్లో మనవాళ్లు ఈ ఎండల్లో ఏం తిన్నారు? ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

ముందుగా ఒక రాజుగారి దగ్గరికి వెళ్దాం. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలాడు. ఆయన రాసిన తెలుగు కావ్యం ఆముక్తమాల్యద. అందులో విష్ణుచిత్తుడు అని ఒక భక్తుడు ఉంటాడు. గోదాదేవి తండ్రి, ఊరు తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు. ఇంటికి ఎవరొచ్చినా అన్నం పెట్టి పంపడం ఆయన వ్రతం. మరి ఏం పెట్టేవాడు? రాయలు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. వానాకాలం మెనూ వేరు, ఎండాకాలం మెనూ వేరు, చలికాలం మెనూ వేరు అని ఒక్కో కాలానికి ఒక్కో పద్యం రాశాడు.

ఎండాకాలం పద్యంలో ఏముందో చూడండి. ముందు ఒంటికి చందనం పూస్తారు. తర్వాత గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పల్చటి అంబలి, చెరకు రసం, కొబ్బరి నీళ్లు, పళ్లు, వాసన కట్టిన చల్లటి నీళ్లు, ఊరిన మామిడి పిందెలు, నీళ్ల మజ్జిగ. పొగలు కక్కే వంటకం ఒక్కటి లేదు. వేపుడు లేదు. చలికాలం పద్యానికి వచ్చేసరికి మాత్రం మిరియాల ఘాటు, వేడివేడి కూరలు, నెయ్యి అన్నీ దిగిపోతాయి. అన్నట్టు, ఘాటుకి ఆయన చెప్పింది మిరియాలే. మిరపకాయ అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్లు 1498లో మన తీరానికి వచ్చాకే అది ఇక్కడికి చేరింది.

నాకు ఇంకా నచ్చింది వానాకాలం పద్యం. అందులో కట్టెల బదులు కొబ్బరి చిప్పలతో పొయ్యి వెలిగిస్తారు. ఎందుకంటే, వండే ఇల్లాలి కళ్లలోకి పొగ పోకూడదని. అంటే ఆ కవి తినేవాళ్ల గురించే కాదు, వండే మనిషి గురించి కూడా ఆలోచించాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సరే, ఇది అతిథులకు పెట్టిన భోజనం. మామూలు జనం సంగతేంటి? ఇంకాస్త వెనక్కి, 15వ శతాబ్దపు పోతన భాగవతానికి వెళ్తే, కృష్ణుడు గోపబాలురతో కూర్చుని చల్దులు తింటాడు. చేతిలో మీగడ పెరుగు కలిపిన ముద్ద, నంజుకోడానికి ఊరగాయ. ఆ చల్దే ఇప్పుడు మనం అనే చద్ది. పశువుల వెంట వెళ్లే పిల్లలు మూట కట్టుకుని పోయే తిండి. 'పెద్దల మాట చద్దన్నం మూట' అనే సామెత వచ్చింది కూడా ఈ బతుకులోంచే.

చద్దన్నంలో వంట అంటూ ఏమీ లేదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో, పల్చటి మజ్జిగో పోసి మట్టి కుండలో మూత పెడతారు. తెల్లారేసరికి అది పులుస్తుంది. పెరుగుని తోడుపెట్టే జాతి బ్యాక్టీరియాలే ఇక్కడా పనిచేస్తాయి. ఉప్పేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేయడమే. మట్టి కుండ సంగతీ అంతే సింపుల్. గోడల్లోంచి నీరు సన్నగా ఊరి ఆవిరవుతుంది, పోతూ పోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే పొడి గాలి ఉండే తెలంగాణ, రాయలసీమల్లో కుండ నీళ్లు బాగా చల్లబడతాయి. ఉక్కపోత ఉండే సముద్ర తీరంలో అంతగా చల్లబడవు.

వరి పండని చోట అంబలే దిక్కు. రాగులని తెలంగాణలో తైదలు అంటారు, ఉత్తరాంధ్రలో చోళ్లు అంటారు. పేరేదైనా పని ఒకటే: పిండి కలిపి కాచి, చల్లార్చి, మజ్జిగ పోసుకుని తాగడం. జొన్న పండేచోట జొన్న అంబలి.

ఇప్పుడు అసలు విషయం. ఇవన్నీ తిన్నవాళ్లు రిలాక్స్ అవుదామని తినలేదు ఫ్రెండ్స్. చీకటితో లేచి, చద్ది తాగి, ఎండ ముదరకముందే చేను పని చేసుకునేవాళ్లు. నడి మధ్యాహ్నం వేప చెట్టు కింద నడుం వాల్చి, పొద్దు వాలాక మళ్లీ పనిలోకి దిగేవాళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలిసినవాళ్లు కదా, ఎండతో పోటీ పెట్టుకోలేదు. తిండి, పని, నిద్ర మూడూ ఒకే లెక్క ప్రకారం నడిచేవి.

దీన్ని మరీ అందంగా ఊహించుకోనక్కర్లేదు. చాలా ఇళ్లలో అంబలి అంటే వేరే గతి లేక తాగిందే. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చాక రోజూ వరన్నం తినగలగడం ఎంతోమందికి గౌరవం. అంబలి తాగడం నామోషీ అయిపోయింది. మా అమ్మమ్మే పొద్దున్నే ఎవరైనా చుట్టాలొస్తే చద్ది కుండ మీద గబుక్కున పళ్లెం బోర్లించేసేది. ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అదే చద్దన్నం హోటల్లో చిన్న ముంతలో పెట్టి, బిల్లు మాత్రం పెద్దది చేతిలో పెడుతుంటే, అమ్మమ్మ దాచిన కుండే గుర్తొస్తుంది. ఆమె సిగ్గుపడాల్సిన పని లేదు. రాజుగారి కావ్యంలో అతిథికి పెట్టిన అంబలి, మజ్జిగే ఆమె వంటింట్లోనూ ఉన్నాయి.

మనం తిండితో పాటు ఆ లెక్కనీ వదిలేశాం. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఏం చెప్తోంది? మజ్జిగ, గంజి, నిమ్మరసం తాగండి, నడి ఎండలో బరువు పనులు వద్దు, ఆ టైమ్‌లో వంట కూడా పెట్టుకోకండి అని. చూశారా, తిరిగి తిరిగి వండే మనిషి దగ్గరికే వచ్చాం. ఎండాకాలంలో తేలికైన తిండి అంటే తినేవాడి పొట్టకే కాదు, పొయ్యి దగ్గర నిలబడే మనిషికీ రెస్టు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నిల్వ తిండి వద్దని కూడా అదే సంస్థ చెప్తుంది. అందుకే చద్ది అంటే రెండ్రోజుల అన్నం కాదు. రాత్రి వండినది, శుభ్రమైన కుండలో నీళ్లలో నానినది, పొద్దున్నే తినేది. జిగురొచ్చినా, వాసన తేడా కొట్టినా పారేయడమే.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేద్దాం. మధ్యాహ్నం వంట వద్దని అమ్మకి చెప్పి, మజ్జిగన్నం మనమే కలుపుదాం. పక్కన మామిడికాయ ముక్క, ఉల్లిపాయ చాలు. గుమ్మం దగ్గరికి డెలివరీ అన్న ఎవరైనా వస్తే ఓ గ్లాసు నీళ్ల మజ్జిగ ఇద్దాం. విష్ణుచిత్తుడి ఇంట్లో వేసవి మర్యాద అదే కదా.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా నీడపట్టున ఉండండి.