తొమ్మిది గడుల్లో పట్టని తునికాకు: కోఠారి అడవుల నుంచి వ్యాపార నమూనాపై ఒక పరిశీలన

గ్రామసభలకు వ్యాపార శిక్షణ ఇవ్వడానికి వచ్చేవాళ్ల చేతిలో ఇప్పుడు తొమ్మిది గడుల పటం తప్పనిసరి అయింది. ఆస్టర్‌వాల్డర్, పిగ్నర్ 2010 నాటి పుస్తకంతో ప్రపంచమంతా చలామణీలోకి తెచ్చిన బిజినెస్ మోడల్ క్యాన్వాస్ అది. కొనేదెవరు, వనరులేమిటి, ఖర్చెంత, రాబడి ఎక్కడిది అంటూ గడులు నింపితే వ్యాపారం బోధపడుతుందని శిక్షకుల నమ్మకం. చంద్రపూర్ జిల్లా కోఠారి పరిసరాల తునికాకు వ్యాపారం ఆ పటంలో పట్టదు. డబ్బు, నిర్ణయం, ముప్పు ఎవరి దగ్గర ఎంతకాలం ఆగుతాయో చూపించేదే పనికొచ్చే నమూనా అని ఈ వ్యాసం వాదన.

ఆకు కొనే కల్లం దగ్గర నిలబడితే ఇది తెలుస్తుంది. తెల్లవారుజామున తెంపిన ఆకును ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి మోసుకొస్తారు. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు, తెలంగాణలో 50. రెండుచోట్లా వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లం చూసుకునే కల్లేదారు కట్టను వేళ్లతో విడదీసి, పురుగు తిన్నదీ ముదిరిందీ కనిపిస్తే పక్కకు నెడతాడు. అంగీకరించిన కట్టలను ఎండలో పరిచి, తిరగేసి, ఆరాక నీళ్లు చల్లి మెత్తబడ్డాక సంచుల్లో తొక్కుతారు. పక్కకు నెట్టిన కట్ట మీద కూలి లేదు. దాని కోసం తెల్లవారుజామున పడ్డ శ్రమకు క్యాన్వాస్‌లో గడీ లేదు.

జాప్యం సంగతి ఇంకా తీవ్రం. తెలంగాణలో 2016 నుంచి పేరుకున్న తునికాకు బోనస్ బకాయిలు 2023లో గానీ పంపిణీకి రాలేదు. పటంలో ‘రాబడి’ గడి నిండుగానే కనిపిస్తుంది. ఆకు తెంపిన మనిషి చేతికి మాత్రం డబ్బు ఏళ్ల తరబడి అందలేదు. ఇక ముప్పు: 2025 మే 10న చంద్రపూర్ జిల్లాలోనే సిందేవాహి అడవిలో ఆకుకు వెళ్లిన ముగ్గురు మహిళలు పులి దాడిలో చనిపోయారు. ‘ఖర్చులు’ గడిలో ఈ ప్రాణాలను ఏ పద్దు కింద రాస్తారు?

నిల్వలు, ప్రవాహాలు, జాప్యాలతో సంస్థను గీయాలని జే ఫారెస్టర్ 1961లోనే ‘ఇండస్ట్రియల్ డైనమిక్స్’లో చూపాడు. మన అడవికి సరిపోయేది ఆ దారి. గోండ్‌పిప్రి తాలూకా పాచ్‌గావ్ దీనికి గట్టి సాక్ష్యం. 2012లో సామూహిక అటవీ హక్కు పొందిన ఆ గ్రామసభ వెదురును తానే అమ్ముకుంటూ, తునికాకు తెంపడం మానేసింది. ఆకు కోసం కొమ్మలు నరకడం, చిగురు కోసం నిప్పు పెట్టడం అడవికి చేటని వాళ్ల తీర్మానం. క్యాన్వాస్ లెక్కలో ఇది వదులుకున్న రాబడి. ఫారెస్టర్ పద్ధతిలో గీస్తే, ఈ ఏటి ఆకు ప్రవాహం రేపటి చెట్టు అనే నిల్వను తినేయడం కళ్లకు కడుతుంది. నమూనా అన్న మాట ఎరుగకుండానే పాచ్‌గావ్ మనుషులు దాన్ని మనసులో గీసుకున్నారు, దాని ప్రకారమే నడుస్తున్నారు. గడ్చిరోలిలో మెండా లేఖా గ్రామసభ కూడా 2011 ఏప్రిల్ 27న వెదురు రవాణా పాసు పుస్తకం తన చేతికి తెచ్చుకుంది. నిర్ణయం ఎక్కడ ఆగుతోందో గుర్తించి, అక్కడే పట్టు సాధించిన తీరది.

గడుల పటం ఒక్క కాగితంలో ఇమిడిపోతుందన్న సౌలభ్యం నిజమే. అయితే ఆ కాగితంలో జాప్యానికీ, ముప్పుకూ చోటు లేదు.

దక్కన్‌లో తునికాకు ఒక్కటే కాదు, ఇప్పపువ్వు, తేనె, చేనేత, పాల సేకరణలనూ ఇదే ప్రశ్నతో చూడాలి: డబ్బు ఎవరి దగ్గర ఎంతకాలం ఆగుతోంది? గ్రామీణ వ్యాపారాలను గడులకే పరిమితం చేసే నమూనాలను తిరిగి గీయవలసిందే. ఆ పని మొదలుపెట్టవలసింది కొనుగోలుదారు నుంచి కాదు, కల్లంలో పక్కకు నెట్టేసిన కట్ట నుంచి. ఆ కట్ట నష్టం ఎవరి ఖాతాలో పడుతోందో చెప్పలేని నమూనాను గ్రామసభలకు బోధించే హక్కు మనకు లేదు.